బ్యాటరీ పోతే ఫోనెందుకు పారేయాలి?

ప్రతి ఏడాదీ మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో చదువు విలువ గురించి, పోటీ పరీక్షల గురించి, అంబేడ్కర్ ఆశయాల గురించి మంచి వ్యాసాలు వస్తుంటాయి. ఈసారి మేము సెల్‌ఫోన్ బ్యాటరీ గురించి రాస్తామంటే సంపాదక వర్గంలోని మిత్రులు నవ్వారు. "రాయడానికి ఇంకేమీ దొరకలేదా అన్నా?" అని ఒక తమ్ముడు అడిగాడు. దొరకక కాదు. గత నాలుగైదేళ్లలో మన గదుల్లో తిండికి, బట్టకి, పుస్తకాలకి కాక దేనికి ఎక్కువ డబ్బు పోయిందో లెక్క తీయండి. ఫోనే అని తేలుతుంది. ఆ ఫోన్లు ఎందుకు మార్చవలసి వచ్చిందో కూడా లెక్క తీయండి. అద్దం పగిలి కొన్ని పోయాయి. పోగొట్టుకున్నవి కొన్ని. మిగిలినవాటిలో చాలావరకు బ్యాటరీ సచ్చుబడి మూలన పడ్డవే. అందుకే ఈ విషయం మన సంచికలో చోటు దక్కవలసినదే అని మేము అనుకున్నాం.

మేము అంటే ఈ హాస్టల్లోనే డిగ్రీ చదువుకొని, ఇప్పుడు పీజీ చదువుతున్న ఒక గది మిత్రులం. రాసిన చెయ్యి ఒకటే అయినా ఇందులోని అనుభవాలు, వాదనలు గదిలో అందరివీ. మాలో ప్రతి ఒక్కరం మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాళ్లం. మా అమ్మానాన్నల్లో పత్తి ఏరేవాళ్లు ఉన్నారు, తాపీ పని చేసేవాళ్లు ఉన్నారు, మున్సిపాలిటీ చెత్త బండి మీద పోయేవాళ్లు ఉన్నారు. ఇంటికి ఒకటే పెద్ద ఫోను. అది మన చేతిలోనే ఉంటుంది. స్కాలర్‌షిప్పు రెన్యువల్ ఓటీపీ దాంట్లోనే వస్తుంది, హాల్‌టికెట్ దాంట్లోనే దిగుతుంది, నాయినకు కూలి డబ్బులు పడ్డాయా లేదా అన్నది కూడా దాంట్లోనే తెలుస్తుంది. డబ్బున్నవాడికి ఫోను చచ్చిపోతే ఒక సాయంత్రం పాడవుతుంది. మనకైతే ఒక సంవత్సరం పాడవుతుంది. ఇది ఊరికే అంటున్న మాట కాదు.

మాలో ఒకరికి 2020లో కరోనా సమయంలో ఆన్‌లైన్ క్లాసుల కోసం ఇంట్లో రెండు మేకలు అమ్మి తొమ్మిది వేల రూపాయలకు ఫోను కొనిచ్చారు. డిగ్రీ మూడేళ్లూ ఆ ఫోనుతోనే గడిచింది. 2023లో పీజీ కౌన్సెలింగు వచ్చేనాటికి ఉదయం నిండా ఛార్జింగు పెట్టినా మధ్యాహ్నానికి ఆగిపోయేది. సరిగ్గా వెబ్ ఆప్షన్లు పెట్టవలసిన చివరి రోజున ఊళ్లో ఉండగా వెనక మూత పైకి లేచింది. లోపలి బ్యాటరీ అప్పడంలా ఉబ్బింది. స్విచ్ ఆన్ కాలేదు. ఏ కాలేజీ ముందు పెట్టాలి, ఏది తర్వాత పెట్టాలి అని వారం రోజులు అందరినీ అడిగి రాసుకున్న వరస ఆ ఫోనులోనే ఉండిపోయింది.

అప్పుడు ఆదుకున్నది అమ్మ వాడే మీటల ఫోను. చిన్న సిమ్ముకు ప్లాస్టిక్ చట్రం తొడిగి ఆ ఫోనులో వేసుకొని, మండల కేంద్రంలోని నెట్ సెంటరుకు పరుగెత్తాడు. ఓటీపీ వచ్చింది. అయితే కాలేజీల వరస జ్ఞాపకం మీద ఆధారపడి పెట్టవలసి వచ్చింది. తొందరలో హాస్టల్ వసతి ఉన్న ఒక కాలేజీ జారిపోయింది. తక్కువ ర్యాంకు వచ్చినవాళ్లకు అక్కడ సీటు వచ్చింది. మావాడికి దూరంలో, వసతి లేని చోట వచ్చింది. రెండేళ్లు రోజుకు నాలుగు గంటలు బస్సులోనే గడిచాయి. ఆ మనిషి ఎవరో మా గదివాళ్లకు తెలుసు. పేరు రాయనవసరం లేదు.

తర్వాత ఆ ఫోనును బాగుచేయించడానికి సర్వీసు సెంటరుకు తీసుకువెళితే, బ్యాటరీకి, మార్చినందుకు కూలికి కలిపి రెండు వేలకు పైగా అవుతుందని, సామాను రావడానికి పది రోజులు పడుతుందని చెప్పారు. పైగా "ఇంత పాత ఫోనుకు అంత ఎందుకు, కొత్తది తీసుకోండి" అని సలహా కూడా ఇచ్చారు. ఇంటికి వెళ్లి ఈ సంగతి చెబితే అమ్మకు అర్థం కాలేదు. ఆమె ఫోను కొని అప్పటికి ఏడేళ్లు. బ్యాటరీ పోయిన రెండుసార్లూ సంతలో నూటయాభై రూపాయలకో, రెండు వందలకో కొత్తది తెచ్చి తనే మూత తీసి వేసుకుంది. ఆమె అన్నది ఒక్కటే మాట: "టార్చిలైటుల సెల్లులు పోతే సెల్లులు మారుస్తం గని లైటు పారేస్తమా బిడ్డా?"

ఈ ప్రశ్నకు పీజీ చదువుతున్న మా దగ్గర జవాబు లేకపోయింది. ఆ జవాబు వెతుక్కుంటూ మేము తెలుసుకున్నదే ఈ వ్యాసం.

ముందుగా బ్యాటరీ ఎందుకు పోతుందో తెలుసుకోవాలి. ఇప్పటి ఫోన్లన్నిటిలో ఉండేది లిథియం అయాన్ రకం. 1991లో సోనీ కంపెనీ వీటిని మొదట మార్కెట్లోకి తెచ్చింది. దీని వెనక ఉన్న పరిశోధనకు జాన్ గుడెనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకీరా యోషినో అనే ముగ్గురికి 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఛార్జింగు పెట్టినప్పుడు లిథియం అయాన్లు ఒక వైపు నుంచి గ్రాఫైటు ఉన్న వైపుకు వెళతాయి. ఫోను వాడుతున్నప్పుడు తిరిగి వస్తాయి. ఇలా పోయి వచ్చిన ప్రతిసారీ కొంత లిథియం దారిలో చిక్కుకుపోయి, మళ్లీ పనికి రాకుండా పోతుంది. వేడి ఎక్కువైతే ఈ నష్టం మరింత త్వరగా జరుగుతుంది. లోపలి ద్రవం చెడి వాయువు పుడితే బ్యాటరీ ఉబ్బుతుంది.

మామూలు బ్యాటరీ సుమారు 500 సార్లు నిండా ఎక్కి దిగేసరికి దాని శక్తి 80 శాతం దగ్గరకు పడిపోతుంది. రోజుకు ఒకసారి నిండా ఛార్జింగు పెట్టేవారికి 500 సార్లంటే ఏడాదిన్నర కూడా కాదు. అంటే ఫోనులో మిగతా భాగాలన్నీ ఐదారేళ్లు పనిచేయగలిగినా, బ్యాటరీ మాత్రం సైకిలు టైరు లాగా అరిగిపోయే వస్తువు. టైరు అరుగుతుందని తెలిసి ఎవరైనా దాన్ని చక్రానికి అతికించి సైకిలు అమ్ముతారా? ఫోను విషయంలో జరిగింది అదే.

ఇలా ఎప్పుడూ లేదు. మన హాస్టల్ పూర్వ విద్యార్థుల్లో 2003 నుంచి 2012 మధ్య ఇక్కడ చదివిన అన్నలకు నోకియా 1100 గుర్తుండే ఉంటుంది. 2003లో వచ్చిన ఆ ఫోను ప్రపంచమంతటా 25 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. పైన టార్చి లైటు, వెనక గోటితో లాగితే ఊడివచ్చే మూత, లోపల బీఎల్-5సీ అనే చిన్న బ్యాటరీ. అదే బ్యాటరీ ఎన్నో మోడళ్లకు సరిపోయేది. గదికి ఒక క్లిప్పు ఛార్జరు ఉండేదని, ఒక బ్యాటరీ ఫోనులో ఉంటే ఇంకొకటి గోడ ప్లగ్గుకు వేలాడుతూ ఉండేదని, ఊరికి పోయేవాడికి నిండిన బ్యాటరీ అప్పు ఇచ్చేవాళ్లమని అన్నలు ఇప్పటికీ చెబుతుంటారు. పన్నెండు మందికి రెండు ప్లగ్గులున్న గదిలో అది ఎంత గొప్ప సౌకర్యమో ఇప్పుడు వంతులవారీగా ఛార్జింగు పెట్టుకుంటున్న తమ్ముళ్లకు తెలుసు.

2007లో వచ్చిన ఐఫోనులో బ్యాటరీని వాడేవాళ్లు తీయలేకుండా లోపలే మూసివేశారు. ఆ తర్వాత ఒక్కొక్క కంపెనీ అదే బాట పట్టింది. సామ్‌సంగ్ వాళ్ల పెద్ద ఫోన్లలో 2014 నాటి గెలాక్సీ ఎస్5కు మూత ఊడేది. 2015 నాటి ఎస్6కు ఊడలేదు. ఖరీదైన ఫోన్లలో మొదలైన ఈ పద్ధతి క్రమంగా మనం కొనే ఎనిమిది వేల ఫోనుకు కూడా వచ్చింది. 2017లో వచ్చిన జియోఫోను వంటి మీటల ఫోన్లలో మాత్రం తీసి పెట్టుకునే బ్యాటరీ మిగిలింది. అంటే ఇప్పుడు మన ఇళ్లలో అమ్మ ఫోను బ్యాటరీ అమ్మ చేతిలో ఉంది, మన ఫోను బ్యాటరీ మన చేతిలో లేదు.

కంపెనీల వైపు వాదన కూడా వినాలి. ఒక పక్షమే చెప్పడం చదువుకున్నవాళ్లు చేసే పని కాదు. లోపల అతికించిన బ్యాటరీకి గట్టి పెట్టె అవసరం లేదు. పలుచని పొరతో చుట్టితే చాలు. దానివల్ల ఉన్న చోటులోనే పెద్ద బ్యాటరీ పడుతుంది. నోకియా 1100 రోజుల్లో వెయ్యి ఎంఏహెచ్ చుట్టుపక్కల ఉండేది, ఇప్పుడు తక్కువ ధర ఫోనులో కూడా 5,000 ఎంఏహెచ్ ఉంటోంది. మూత లేకపోతే నీరు, దుమ్ము లోపలికి పోవు. ఐపీ 67 అనే గుర్తింపు ఉన్న ఫోను ఒక మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా తట్టుకోవాలి. వానలో పొలం పనికి పోయేవాడికి ఇది చిన్న లాభం కాదు. ఫోను దొంగిలించినవాడు వెంటనే బ్యాటరీ పీకి పారేయలేడు. ఇవన్నీ నిజాలే. ఒప్పుకుంటున్నాం.

అయితే ఈ లాభాలకూ జిగురుకూ విడదీయరాని సంబంధం ఉందని మాత్రం ఒప్పుకోలేం. సామ్‌సంగ్ కంపెనీయే ఎక్స్‌కవర్ అనే వరుసలో బ్యాటరీ ఊడివచ్చే ఫోన్లను నీటికి, దుమ్ముకు తట్టుకునేలా తయారుచేసింది. నెదర్లాండ్స్‌లో ఫెయిర్‌ఫోన్ అనే కంపెనీ వాడేవాళ్లే బ్యాటరీ మార్చుకునేలా ఫోన్లు చేస్తోంది. కనుక చేయలేక కాదు. చేయవలసిన అవసరం వాళ్లకు కనిపించలేదు. ఫోను కొంత మందమైనా మనకు అభ్యంతరం లేదు. కొన్న రోజునే దానికి మందపాటి రబ్బరు కవరు మనమే తొడుగుతున్నాం కదా!

ఈ రెండు పద్ధతుల మధ్య తేడా ఎంతటిదో రెండు సంఘటనలు చెబుతాయి. 2007 ఆగస్టులో నోకియా కంపెనీ ఒక హెచ్చరిక చేసింది. మత్సుషిత అనే కంపెనీ 2005 డిసెంబరు, 2006 నవంబరు మధ్య తయారుచేసిన బీఎల్-5సీ బ్యాటరీలు ఛార్జింగు సమయంలో వేడెక్కవచ్చని, అటువంటివి 4 కోట్ల 60 లక్షలు ఉన్నాయని తెలిపింది. మన దేశంలో ఎంత గగ్గోలు పుట్టిందో అన్నలను అడగండి. ఫోను పేలుతుందని ఎస్సెమ్మెస్సులు తిరిగాయి, జనం మూతలు తీసి బ్యాటరీ వెనక అంకెలు చూసుకున్నారు. లోపం ఉన్న బ్యాటరీని ఉచితంగా మార్చి ఇస్తామని కంపెనీ చెప్పింది. మారవలసింది బ్యాటరీ ఒక్కటే. ఫోను, అందులోని నంబర్లు, మెసేజ్‌లు యజమాని దగ్గరే ఉన్నాయి.

తొమ్మిదేళ్ల తర్వాత 2016 ఆగస్టులో సామ్‌సంగ్ గెలాక్సీ నోట్ 7 వచ్చింది. దాని బ్యాటరీలు కూడా లోపంతో అంటుకున్నాయి. ఇక్కడ బ్యాటరీ లోపల అతికించి ఉంది. బ్యాటరీ ఒక్కటే తీసి ఇవ్వడానికి లేదు. సుమారు 25 లక్షల ఫోన్లను మొత్తంగా వెనక్కు పిలిచారు. మార్చి ఇచ్చిన ఫోన్లు కూడా అంటుకోవడంతో అక్టోబరులో ఆ మోడల్ తయారీనే ఆపేశారు. కెమెరా, అద్దం, చిప్పు అన్నీ బాగున్న ఫోన్లు ఒక్క బ్యాటరీ కోసం బలయ్యాయి. అమ్మ అడిగిన టార్చిలైటు ప్రశ్న ఇక్కడ కోట్ల రూపాయల ప్రశ్న అయింది.

ఇంకొక సంఘటన కూడా గుర్తుంచుకోదగినది. బ్యాటరీ పాతబడిన ఐఫోన్లు హఠాత్తుగా ఆగిపోకుండా సాఫ్ట్‌వేర్ ద్వారా వాటి వేగం తగ్గించామని 2017 డిసెంబరులో ఆపిల్ కంపెనీ ఒప్పుకుంది. విమర్శలు రాగానే అమెరికాలో బ్యాటరీ మార్పు ధరను 79 డాలర్ల నుంచి 29 డాలర్లకు తగ్గించింది. అంతవరకు ఎంతమంది తమ ఫోను ముసలిదైపోయిందనుకొని కొత్తది కొన్నారో ఎవరికి తెలుసు! ముసలిదైంది ఫోను కాదు, బ్యాటరీ. ఆ తేడా కొన్నవాడికి తెలియకపోవడంలోనే వ్యాపారం ఉంది.

మా గదిలో ఈ విషయం మీద పెద్ద చర్చ జరిగింది. ఒక మిత్రుడు "పవర్‌బ్యాంకు కొనుక్కుంటే సరిపోతుంది కదా, ఇంత రాద్ధాంతం ఎందుకు?" అన్నాడు. వినడానికి బాగానే ఉంది. కానీ ఇక్కడ సమస్యలు రెండు. ఈ రోజు ఛార్జింగు అయిపోవడం ఒకటి. ఏళ్ల తరబడి బ్యాటరీ అరిగిపోవడం రెండవది. పవర్‌బ్యాంకు మొదటిదానికే మందు. అరిగిన బ్యాటరీకి పవర్‌బ్యాంకు తగిలించడం కుండ చిల్లు పూడ్చకుండా నీళ్లు పోస్తూ ఉండటమే. తీసి పెట్టుకునే బ్యాటరీ ఒక్కటే రెండు సమస్యలకూ పనికి వస్తుంది.

ఇంకొక మిత్రుడు "ఊడివచ్చే బ్యాటరీ అయితే మార్కెట్లో డూప్లికేటు సరుకు పెరుగుతుంది, అది పేలితే ఎవరిది బాధ్యత?" అని అడిగాడు. ఇది ఆలోచించవలసిన ప్రశ్నే. హైదరాబాదు జగదీశ్ మార్కెట్‌కు వెళ్లినా, మన ఊరి బస్టాండు పక్క కొట్టుకు వెళ్లినా అసలు ఏదో నకిలీ ఏదో పోల్చుకోవడం మనకు కష్టమే. అయితే లోపల అతికించిన బ్యాటరీకి కూడా ఇప్పుడు చాలామందికి దొరుకుతున్నది ఆ డూప్లికేటు సరుకే. సర్వీసు సెంటరు ధర భరించలేక బయట కొట్టులో హీటు గన్నుతో వేడిచేసి మూత తీయించుకుంటున్నాం. నకిలీని ఆపేది జిగురు కాదు. అసలు బ్యాటరీ సరసమైన ధరకు జిల్లా కేంద్రంలో దొరకడమే దాన్ని ఆపగలదు.

మనకు సంబంధించి మరొక ముఖ్యమైన సంగతి ఉంది. మన తమ్ముళ్లలో సగం మంది కొత్త ఫోను కొనరు. ఎవరో రెండేళ్లు వాడి అమ్మిన ఫోను నాలుగు వేలకో, ఐదు వేలకో కొంటారు. అంటే బ్యాటరీ జీవితంలో మంచి భాగమంతా మొదటి యజమాని అనుభవించాక, అరిగిన భాగం మన వంతుకు వస్తుంది. పాత సైకిలు కొంటే టైరు చూసి కొంటాం. పాత ఫోను కొంటే లోపల ఏముందో చూడటానికి లేదు. తీసి పెట్టుకునే బ్యాటరీ ఉంటే ఆ ఫోనుకు రెండవ జీవితం వచ్చేది. మొదటిసారి కొనేవాడికి ఇది సౌకర్యం గురించిన చర్చ కావచ్చు. రెండవసారి కొనే మనకు ఇది బతుకుదెరువు లెక్క.

ఇక పాడైన బ్యాటరీ ఎక్కడికి పోతుంది? ఈ ప్రశ్న మా గదిలో ఎవరికీ రాలేదు, ఒక్కరికి తప్ప. ఆ మిత్రుని నాన్నగారు మున్సిపాలిటీ చెత్త బండి మీద పనిచేస్తారు. ఒకసారి బండిలో చెత్తను అదుముతుంటే లోపల నుంచి టప్పుమని శబ్దం వచ్చి పొగ లేచిందట. చూస్తే ఎవరో పారేసిన ఫోను బ్యాటరీ. చేతికి గ్లౌజు లేకుండానే దాన్ని కర్రతో కిందికి తోశానని ఆయన చాలా మామూలుగా చెప్పారు. లిథియం బ్యాటరీ నలిగినా, చిల్లు పడినా అంటుకునే ప్రమాదం ఉంటుంది. పట్నంలో ఎవరో పారేసిన దాన్ని చేత్తో ఏరే మనిషి ఎవరు? మన నాన్న, మన చిన్నమ్మ. కంపెనీ అతికించిన జిగురు చివరికి మన ఇంటి చేతుల మీదికే వస్తోంది. ఈ కోణం మనం చెప్పకపోతే ఎవరూ చెప్పరు.

మన దేశంలో చట్టాలు లేవని కాదు. 2022 ఆగస్టులో బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు వచ్చాయి. వాడేసిన బ్యాటరీలను తిరిగి సేకరించి శుద్ధి చేయించే బాధ్యత తయారీదారులదేనని అందులో ఉంది. ఎలక్ట్రానిక్ వ్యర్థాల కొత్త నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. వస్తువును బాగుచేయించుకునే హక్కుకు సంబంధించి కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినం నాడు, ఒక పోర్టల్ ప్రారంభించింది. ఫోను వంటి వస్తువులను బాగుచేయడం ఎంత సులభమో మార్కులు వేసి చూపే సూచిక గురించి ఆ శాఖ వేసిన కమిటీ 2025లో నివేదిక ఇచ్చింది. ఇవన్నీ మంచి అడుగులే. కానీ బ్యాటరీని వాడేవాళ్లే మార్చుకునేలా ఫోను ఉండాలి అనే మాట వీటిలో లేదు.

ఆ మాట యూరప్‌లో రాశారు. యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన బ్యాటరీల చట్టం ప్రకారం, 2027 ఫిబ్రవరి 18 నుంచి అమ్మే వస్తువుల్లో చిన్న బ్యాటరీలను వాడేవాళ్లే బజారులో దొరికే మామూలు పనిముట్లతో, వేడిచేయనవసరం లేకుండా తీసి మార్చుకోగలగాలి. విడి బ్యాటరీలు సరసమైన ధరకు కనీసం ఐదేళ్లు దొరకాలి. ఫోన్లకు ప్రత్యేకంగా చేసిన మరొక నియమం 2025 జూన్ 20 నుంచి అమలైంది. దాని ప్రకారం బ్యాటరీ 800 సార్లు ఎక్కి దిగిన తర్వాత కూడా 80 శాతం శక్తి నిలుపుకోవాలి. నీటికి తట్టుకునే ఫోను అయి, 1,000 సార్ల తర్వాత కూడా 80 శాతం నిలిచే బ్యాటరీ పెడితే, దాన్ని నిపుణుడైన మెకానిక్కు మాత్రమే మార్చేలా ఉంచడానికి అనుమతి ఇచ్చారు. అంటే ఆ చట్టం కంపెనీకి రెండు దారులు చూపింది. ఊడివచ్చే బ్యాటరీ అయినా పెట్టు, లేదా ఎక్కువ కాలం బతికే బ్యాటరీ అయినా పెట్టు. ఊడిరానిదీ, త్వరగా చచ్చేదీ మాత్రం పెట్టవద్దు. ఇందులో న్యాయం ఉంది.

మేము కోరేది కూడా ఇంతే. నోకియా 1100 రోజులకు తిరిగి పొమ్మని కాదు. ఆ ఫోనులో ఆన్‌లైన్ క్లాసు వినలేం. యూరప్‌లో అమ్మే ఫోనుకు వర్తించే మర్యాద మన మండలంలో అమ్మే ఫోనుకు కూడా వర్తించాలి. అక్కడి పౌరుడికి స్క్రూలు, ఇక్కడి పౌరుడికి జిగురు అనే వ్యత్యాసం ఎందుకుండాలి? వ్యత్యాసాల గురించి మనకు ఒకరు చెప్పనవసరం లేదు. బ్యాటరీ మాత్రమే మారిస్తే చాలదని కూడా మాకు తెలుసు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఆగిపోతే బ్యాంకు యాప్‌లు పనిచేయని రోజు వస్తుంది. అందుకే ఈ రెండింటినీ కలిపి అడగాలి.

చట్టం వచ్చేలోపు మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఫోను కొనేముందు కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లని అడిగే మనం, బ్యాటరీ మార్చడానికి ఎంతవుతుంది, ఎక్కడ మారుస్తారు అని కూడా అడుగుదాం. నలుగురు అడిగితే కొట్టువాడు కంపెనీకి చెబుతాడు. పడుకునేటప్పుడు దిండు కింద పెట్టి ఛార్జింగు చేయవద్దు. వేడి బ్యాటరీకి మొదటి శత్రువు. ఎప్పుడూ సున్నాకు దించి నూరుకు ఎక్కించడం కంటే మధ్యలో ఉంచడం మేలు. బయట బ్యాటరీ కొనేటప్పుడు బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ సంఖ్య ఉన్నాయో లేదో చూడండి. ఉబ్బిన బ్యాటరీని ఛార్జింగు పెట్టవద్దు, నొక్కవద్దు, పిన్నుతో పొడవవద్దు. ట్రంకు పెట్టెలో బట్టల మధ్య అసలే దాచవద్దు. ముఖ్యమైన నంబర్లు, కౌన్సెలింగు వివరాలు ఒక కాగితం మీద కూడా రాసుకోండి. ఈ చివరి మాట మాలో ఒకరు రెండేళ్ల బస్సు ప్రయాణంతో నేర్చుకున్నది.

హాస్టల్ తరఫున కూడా ఒక పని చేయవచ్చు. బ్యాటరీ మీద గీత కొట్టిన చెత్తబుట్ట బొమ్మ ఉంటుంది. దాన్ని మామూలు చెత్తలో వేయవద్దని దాని అర్థం. వార్డెన్ గారు అనుమతిస్తే వరండాలో, పరుపులకు, కాగితాలకు దూరంగా, ఇసుక పోసిన ఒక రేకు డబ్బా పెడదాం. పాడైన బ్యాటరీలు అందులో వేసి, మూడు నెలలకు ఒకసారి ఈ-వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి అప్పగిద్దాం. పూర్వ విద్యార్థుల సంఘం అన్నలు రవాణా ఖర్చు చూసుకుంటే, మోసుకుపోయే పని మా గదివాళ్లం చూసుకుంటాం. మన డస్ట్‌బిన్‌ను ఎత్తేది కూడా మనలాంటి ఇంటి మనిషే అన్న సంగతి మనకైనా గుర్తుండాలి.

ఆ ఉబ్బిన ఫోను చివరికి ఏమైందో చెప్పి ముగిస్తాం. కౌన్సెలింగు అయిపోయాక బస్టాండు దగ్గరి చిన్న కొట్టులో ఒక కుర్రవాడు ఎనిమిది వందలకు బ్యాటరీ మార్చి ఇచ్చాడు. ఫోను ఆన్ కాగానే మొదట కనిపించింది ఆ కాలేజీల వరసే. జారిపోయిన కాలేజీ పేరు అందులో రెండవ స్థానంలో ఉంది. ఆ ఫోను ఇప్పటికీ పనిచేస్తోంది. ప్రస్తుతం మావాడి చెల్లెలు దాంతోనే ఇంటర్ పాఠాలు వింటోంది. అంటే ఫోను ఆ రోజు చచ్చిపోలేదు. చచ్చింది ఎనిమిది వందల రూపాయల వస్తువు ఒక్కటే. దాన్ని ఆ రోజు ఊళ్లోనే, అమ్మ లాగా గోటితో మూత తీసి మార్చుకునే వీలు ఉండి ఉంటే ఒక విద్యార్థి రెండేళ్ల కాలం మిగిలేది.

టార్చిలైటు పారేస్తామా అని అమ్మ అడిగిన ప్రశ్నకు మా దగ్గర ఇప్పుడు జవాబు ఉంది. పారేయనవసరం లేదమ్మా. పారేసేలా చేశారు. అలా చేయవద్దని అడగడం కోసమే మీరు మమ్మల్ని చదివించారు.